ఎల్క్ వేటకి తేలికైన రైఫిల్: బరువు ఎక్కడ తగ్గించాలి, కొండల్లో ఎలా మోయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డెన్వర్ దగ్గర ఉంటారు, గ్రీన్ కార్డు ఉంది, వచ్చే అక్టోబరులో కొండల్లో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకి వెళ్లాలనుకుంటున్నారు. ఇప్పుడున్న .300 విన్చెస్టర్ మాగ్నమ్ రైఫిల్ స్కోప్‌తో కలిపి 9.5 పౌండ్లు తూగుతోంది, కిందటేడు భుజాలు పడిపోయాయి. టైటానియం యాక్షన్ (తూటాని లోపలికి తోసి మూసే బోల్ట్, దాన్ని పట్టి ఉంచే లోహపు భాగం), కార్బన్ బ్యారెల్ (గొట్టం) పెట్టి అదే కాలిబర్‌లో (తూటా కొలతలో) 6 పౌండ్ల లోపు కస్టమ్ రైఫిల్ కట్టించుకోవచ్చా? ఏటవాలు కొండ మీద దాన్ని సేఫ్‌గా ఎలా మోయాలి? ఎల్క్ తొందరగా తప్పించుకుపోతుంది కాబట్టి ఛాంబర్‌లో (గొట్టం మొదట్లో తూటా పేలే గదిలో) తూటా పెట్టుకుని నడిస్తే తప్పా? హెచ్-1బీ మీద ఉన్న స్నేహితుణ్ని కూడా తీసుకెళ్లొచ్చా?

నేను కొలరాడోలో చాలా ఏళ్లుగా ఎల్క్ వేటకి వెళ్తున్నాను. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుల్లో వాలంటీర్‌గా సాయం చేస్తుంటాను. అందుకే మీరు చివర్లో అడిగిన మోత సంగతే నాకు ముందు ముఖ్యం. వేటలో రైఫిల్ పేలేది ఒక్క క్షణం, మోసేది పొద్దున్నుంచి సాయంత్రం దాకా. దాన్ని ఎలా మోస్తారో ముందు తేల్చుకుంటే ఏ సేఫ్టీ కావాలి, ఏ ట్రిగ్గర్ కావాలి, ఎంత పొడవు బ్యారెల్ కావాలి అన్నవి వాటంతట అవే తేలిపోతాయి. చాలామంది ముందు విడిభాగాల కేటలాగ్ తెరుస్తారు, మోత సంగతి కొండెక్కాక ఆలోచిస్తారు.

ముందుగా, .300 మాగ్నమ్‌లో 6 పౌండ్లు వద్దు. అదే తూటాకి రైఫిల్ వెనక్కి తన్నే శక్తి రైఫిల్ బరువుకి విలోమంగా మారుతుంది. బరువు 9.5 నుంచి 6 పౌండ్లకి తగ్గితే తన్నుడు సగానికి పైగా పెరుగుతుంది. ఇప్పుడే అది గట్టి తన్నుడు. దానికి ఇంకో సగం కలిస్తే ఎవరైనా సరే పేలకముందే కళ్లు మూసుకుంటారు, ట్రిగ్గర్‌ని నెమ్మదిగా నొక్కకుండా ఒక్కసారిగా లాగేస్తారు. రేంజ్‌లో రెండు వారాల తర్వాత ప్రాక్టీసే మానేస్తారు. ప్రాక్టీసు లేని తేలిక రైఫిల్‌తో ఎల్క్‌ని గాయపరిచి, అది చీకట్లో ఎక్కడికో పోయి చచ్చేలా చేయడం కంటే బరువైన రైఫిల్ మోయడమే నయం. మజిల్ (గొట్టం కొస) దగ్గర వాయువుని పక్కలకి మళ్లించే మజిల్ బ్రేక్ పెడితే తన్నుడు తగ్గుతుంది, నిజమే. కానీ ఆ శబ్దం మీ చెవులకీ, పక్కన పడుకుని బైనాక్యులర్ పట్టుకున్న స్నేహితుడి చెవులకీ శాశ్వతంగా చెరుపు చేస్తుంది. వేటలో ఆ క్షణాన ఇయర్ మఫ్స్ తీసి పెట్టుకునే ఓపిక ఎవరికీ ఉండదు. నా మటుకు నేను బ్రేక్ పెట్టను.

కాలిబర్ మార్చండి. కొలరాడోలో ఎల్క్‌కి చట్టం అడిగేది కనీసం 6 మిల్లీమీటర్ల వ్యాసం, 85 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలిచే చిన్న కొలమానం) బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి. 6.5 క్రీడ్‌మోర్, 7ఎంఎం-08, .308 విన్చెస్టర్ మూడూ దీన్ని అలవోకగా దాటుతాయి. 140 గ్రెయిన్ల మంచి బాండెడ్ (సీసం, రాగి తొడుగు విడిపోకుండా అతికించిన) బుల్లెట్ పెట్టిన 6.5 క్రీడ్‌మోర్‌కి 300 గజాల దగ్గర కూడా దాదాపు 1,500 ఫుట్-పౌండ్లు మిగులుతుంది. అదే బరువున్న రైఫిల్‌లో .300 మాగ్నమ్ తన్నుడు దీనికి దాదాపు రెట్టింపు. మీకు నా సలహా 7ఎంఎం-08. 1980లో రెమింగ్టన్ ఫ్యాక్టరీ తూటాగా తెచ్చిన ఈ కాట్రిడ్జ్ షార్ట్ యాక్షన్‌లో (పొట్టి తూటాలకి సరిపడే యాక్షన్‌లో) పడుతుంది, 22 అంగుళాల బ్యారెల్‌తో చక్కగా పనిచేస్తుంది. ఊళ్లో షాపుల్లో తూటాలు సులువుగా దొరకాలంటే క్రీడ్‌మోర్ తీసుకోండి, ఏమీ పోదు. ఏది తీసుకున్నా 300 గజాలు దాటి కొట్టకూడదని ముందే అనుకోండి. తేలిక రైఫిల్‌తో గాలి, ఆయాసం, వంకర నేల మధ్య అంతకంటే దూరం కొట్టాలంటే ఏడాదంతా సాధన కావాలి.

ఇక బరువు. స్కోప్, పట్టీ కలిపి, తూటాలు లేకుండా 7 పౌండ్లు, అంటే 3.2 కిలోలు, లక్ష్యంగా పెట్టుకోండి. ఇప్పటికంటే కిలో పైనే తగ్గుతుంది. 6.5 దాకా వెళ్లినా ఫరవాలేదు. అంతకంటే కిందికి పోతే రైఫిల్ గాలికి ఊగుతుంది, ఆయాసంతో గుండె కొట్టుకుంటుంటే క్రాస్‌హెయిర్ దానితో పాటే ఎగురుతుంది.

కొనే ముందు ప్రతి భాగం బరువు రాసుకోండి. అన్నిటికంటే చౌకగా తగ్గే బరువు స్కోప్‌లో ఉంటుంది, ఎందుకో జనం దాన్ని చివర్లో చూస్తారు. మీ రైఫిల్ మీదున్నలాంటి పెద్ద లాంగ్ రేంజ్ స్కోప్‌లు 28, 30 ఔన్సులు ఉంటాయి. ల్యూపోల్డ్ 3-9x40 లాంటిది 12 ఔన్సుల చిల్లర. అల్యూమినియం వన్-పీస్ రింగులు వేస్తే ఇంకొన్ని ఔన్సులు తగ్గుతాయి. ఒక్క స్కోప్ మార్పుతోనే పౌండు పైనే దిగింది. 300 గజాల లోపు ఎల్క్‌కి 9 రెట్లు చాలు, నిజానికి 6 చాలు.

తర్వాత స్టాక్, అంటే భుజానికి ఆనించే పిడి భాగం. లామినేట్ చెక్క స్టాక్ రెండున్నర పౌండ్లు, అంతకంటే ఎక్కువే ఉంటుంది. మంచి కార్బన్ ఫైబర్ స్టాక్ 20 నుంచి 24 ఔన్సుల్లో వస్తుంది. ఈ దారి చూపించినవాళ్లలో వెస్ట్ వర్జీనియాకి చెందిన మెల్విన్ ఫోర్బ్స్ ఒకరు. 1980లలో ఆయన అల్ట్రా లైట్ ఆర్మ్స్ పేరుతో కట్టిన రైఫిళ్లలో కెవ్లార్, గ్రాఫైట్ స్టాక్ పౌండు దగ్గర్లోనే తూగేది. ఆయన యాక్షన్‌కి చిల్లులు పెట్టి బరువు తగ్గించలేదు. కాట్రిడ్జ్ పొడవుకి సరిపడా యాక్షన్ చేశాడు, స్టాక్ తేలిక చేశాడు, బ్యారెల్‌ని మొదలు నుంచి చివరిదాకా స్టాక్‌లో పూర్తిగా బెడ్డింగ్ చేశాడు, అంటే సందు లేకుండా ఆనేలా అమర్చాడు. ఉక్కుని ఎక్కడ ఉంచాలో ముందు తేల్చుకుని మిగతా చోట తగ్గించడం ఆ పద్ధతి. ఇప్పటికీ సరైన పద్ధతి అదే.

కార్బన్ బ్యారెల్ గురించి ఒక అపోహ ఉంది. కార్బన్ చుట్టిన బ్యారెల్ లావుపాటి ఉక్కు బ్యారెల్ కంటే తేలిక, కానీ సన్నటి ఉక్కు బ్యారెల్ కంటే తేలిక కాదు. లావు, బిగువు ఉంటూనే బరువు తక్కువ ఉండటం దాని గొప్ప. వరసగా పది రౌండ్లు కొట్టే పని మీకు లేదు కాబట్టి సన్నటి స్పోర్టర్ బ్యారెల్, 22 అంగుళాలు, చాలు. డబ్బు బోలెడంత మిగులుతుంది. సన్నటి బ్యారెల్ త్వరగా వేడెక్కుతుంది, అప్పుడు తూటాలు ఒకేచోట పడకుండా చెదురుతాయి. కాబట్టి సైట్-ఇన్ చేసేటప్పుడు (స్కోప్ గురి సరిచేసేటప్పుడు) మూడు కొట్టి ఆపండి, చేత్తో పట్టుకుంటే చల్లగా తగిలేదాకా ఆగండి. వేటలో పనికొచ్చేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటా. వేర్వేరు పొద్దుటి పూటల్లో అదే కాగితం మీద ఒక్కో మొదటి తూటా కొట్టి, ఆ కాగితం దాచుకోండి. మీ రైఫిల్ నిజంగా ఎక్కడ కొడుతుందో అదే చెబుతుంది.

టైటానియం యాక్షన్ బాగుంటుంది. ఉక్కు సాంద్రతలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. కానీ వెయ్యి డాలర్లు పైనే పెట్టి తగ్గించే ఆ కొద్ది ఔన్సులని స్కోప్, స్టాక్ దగ్గర ముందే సంపాదించేశారు కదా. నన్నడిగితే ఆ డబ్బు తూటాలకీ, మంచి బూట్లకీ పెట్టండి. ఎల్క్ పడితే వెనక తొడ ఒక్కటే 25 కిలోలు దాటుతుంది, దాన్ని కారు దాకా మోసేది మీ కాళ్లే.

కట్టడం విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్తాను. స్కోప్ బిగించడం, స్టాక్ మార్చడం మీరే చేసుకోండి. టార్క్ రెంచ్ కొనుక్కుని తయారీదారు చెప్పిన టార్క్‌కే స్క్రూలు బిగించండి. బ్యారెల్ బిగింపు, హెడ్‌స్పేస్ (బోల్ట్‌కీ తూటాకీ మధ్య సందు) కొలత మాత్రం గన్‌స్మిత్‌కి వదిలేయండి. .308, 6.5 క్రీడ్‌మోర్ లాంటి వాటిలో గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా ఉంటుంది. అది మీ చెంపకి నాలుగు అంగుళాల దూరంలో పుడుతుంది. సావేజ్ రైఫిళ్లలో బ్యారెల్ నట్ ఉంటుంది కాబట్టి గేజ్‌లు కొనుక్కుని ఇంట్లోనే మార్చుకునేవాళ్లు ఉన్నారు, నిజమే. మొదటి రైఫిల్‌కే ఆ పని పెట్టుకోకండి. చట్టం లెక్కలో తుపాకీ అంటే సీరియల్ నంబరున్న రిసీవర్ (యాక్షన్ బయటి భాగం). అది లైసెన్సున్న డీలర్ దగ్గర ఫారం 4473 (తుపాకీ కొనుగోలు ఫారం) నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాకే చేతికొస్తుంది. బ్యారెల్, స్టాక్ ఇంటికే వస్తాయి.

ఇప్పుడు ట్రిగ్గర్, సేఫ్టీ. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

రెమింగ్టన్ 700 అమెరికాలో చాలామంది కస్టమ్ చేసుకునే యాక్షన్, 1962 నుంచి ఉంది. 1982 దాకా తయారైన వాటిలో సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ తెరుచుకోదు. ఛాంబర్ ఖాళీ చేయాలంటే ముందు సేఫ్టీ తీయాల్సిందే. 2000లో మోంటానాలో ఒక తల్లి వేట ముగించుకుని రైఫిల్ ఖాళీ చేయబోయి సేఫ్టీ తీసింది. ట్రిగ్గర్ మీద వేలు లేకుండానే పేలిందని ఆ కుటుంబం చెప్పింది. గుర్రాల ట్రెయిలర్‌కి అవతల ఉన్న తొమ్మిదేళ్ల కొడుకు చనిపోయాడు. ట్రిగ్గర్ డిజైన్‌లో లోపం లేదని కంపెనీ వాదించింది, ఏళ్ల తరబడి కోర్టుల్లో కేసులు నడిచాయి. 2014లో అదే కంపెనీ 2006 తర్వాత వచ్చిన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లని వెనక్కి పిలిపించింది. బిగింపులో వాడిన జిగురు ఎక్కువై, అనుకోకుండా పేలే అవకాశం ఉందని తేలింది.

పాత 700 యాక్షన్ చౌకగా దొరికిందని కొంటే, మొదట సీరియల్ నంబరుతో ఏడాది కనుక్కోండి, ట్రిగ్గర్ ఏదో గన్‌స్మిత్‌కి చూపించండి, మార్పించండి. వీలైతే మూడు స్థానాల సేఫ్టీ తీసుకోండి. విన్చెస్టర్ మోడల్ 70లో, కింబర్ 84లో ఉండే రకం. మధ్య స్థానంలో పెడితే ఫైరింగ్ పిన్ కదలకుండా లాక్ అయి ఉంటుంది, బోల్ట్ మాత్రం తెరుచుకుంటుంది. అంటే సేఫ్టీ తీయకుండానే ఛాంబర్ ఖాళీ చేయొచ్చు. టైటానియం కంటే ఈ చిన్న మీట మీద ఖర్చు పెట్టడం నాకిష్టం. ట్రిగ్గర్ బరువు 3 పౌండ్ల దగ్గర ఉంచండి. టార్గెట్ షూటింగ్ వాళ్లు ఒక పౌండ్‌కి దించుతారు, కానీ అక్టోబరు పొద్దున గ్లవ్స్ వేసుకుని, చలికి మొద్దుబారిన వేలికి ఒక పౌండు అసలు తెలియదు.

ఇక మోత. ఛాంబర్‌లో తూటాతో నడిస్తే తప్పా అని అడిగారు. తప్పే. మ్యాగజైన్ నిండుగా, ఛాంబర్ ఖాళీగా నడవండి. కొట్టడానికి కూర్చున్నాక లేదా పడుకున్నాక బోల్ట్ తోయండి. రెండు సెకన్ల పని. 250 గజాల దూరంలో గడ్డి మేస్తున్న ఎల్క్ ఆ రెండు సెకన్లలో ఎక్కడికీ పోదు.

ఎలా చేయాలో చెప్తాను. మజిల్ మనుషులు లేని వైపు ఉంచి, బోల్ట్ తెరిచి, మ్యాగజైన్‌లో తూటాలు నింపండి. పై తూటాని బొటనవేలితో కిందికి అదిమి, బోల్ట్‌ని నెమ్మదిగా దాని మీదుగా ముందుకు జరపండి. బోల్ట్ మొహం తూటా ఇత్తడి కేసుని పట్టుకోకుండా పైనుంచి జారుకుపోవాలి. కళ్లతో చూడండి. బోల్ట్ ముందుకు జరిపే ముందే చిటికెన వేలు ఛాంబర్‌లోకి పెట్టి ఖాళీ అని తడిమి చూడండి. చీకట్లో కన్ను మోసం చేస్తుంది, వేలు చేయదు. తర్వాత మూసి సేఫ్టీ వేయండి. ఒక జాగ్రత్త: దట్టమైన పొదల్లో బోల్ట్ హ్యాండిల్ కొమ్మకి తగిలి పైకి లేవచ్చు. అది వెనక్కి జారి మళ్లీ ముందుకు తోసుకుంటే ఛాంబర్‌లోకి తూటా వచ్చేస్తుంది. అందుకే ఆగిన ప్రతిచోటా హ్యాండిల్ కిందికే ఉందా అని చేత్తో తడమండి. నీళ్లు తాగడానికి ఆగినా సరే.

భుజానికి పట్టీ వేసి మజిల్ పైకి పెట్టుకోవడం అందరికీ అలవాటు. మంచిదే, కానీ కొలరాడో అడవుల్లో పడిపోయిన చెట్లు అడుగడుక్కీ ఉంటాయి. అడ్డంగా పడిన ఆస్పెన్ మొద్దు కింద నుంచి దూరడానికి వంగారనుకోండి, వీపు మీదున్న మజిల్ ముందుకు వాలి సరిగ్గా ముందు నడిచేవాడి నడుం వైపు తిరుగుతుంది. చాలామంది ఇది గమనించరు. వంగే ముందు రైఫిల్ భుజం మీంచి తీసి చేతుల్లోకి తీసుకోండి. మజిల్ కిందికి వేలాడదీస్తే వంగినప్పుడు ఈ సమస్య తక్కువ, కానీ కూర్చున్నప్పుడు మంచులోకో బురదలోకో దిగబడుతుంది. గొట్టంలో మంచు ఇరుక్కున్న రైఫిల్ కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. మజిల్ మీద ఒక ముక్క ఎలక్ట్రికల్ టేపు అంటించండి. తీయకుండానే కాల్చొచ్చు, గురి మారదు.

ఇద్దరు నడిచేటప్పుడు వెనక ఉన్నవాళ్లు మజిల్ ముందుకి పెట్టి ఒంటి చేత్తో రైఫిల్ మోయకూడదు. ముందు నడిచేవాళ్లు మజిల్ వెనక్కి ఉండేలా భుజం మీద అడ్డంగా పెట్టుకోకూడదు. రాళ్ల జారుడులో, నిటారు చోట రెండు చేతులూ కావాలి. అక్కడ రైఫిల్‌ని బ్యాక్‌ప్యాక్‌కి కట్టేయండి, మ్యాగజైన్ కూడా ఖాళీ చేయండి. కాలు జారితే మనిషి సహజంగా చేతిలో ఉన్నదాన్ని కాపాడుకోవాలని చూస్తాడు. రైఫిల్ గీతలు పడితే పడనివ్వండి.

ముళ్ల కంచె దాటేటప్పుడు పూర్తిగా ఖాళీ చేసి, బోల్ట్ తెరిచి, మజిల్ మీకు అవతలి వైపు ఉండేలా కంచె కింద నుంచి నేల మీద జరిపి, మీరు కాస్త దూరంగా దాటి రండి. ఇద్దరుంటే ఒకరు రెండు రైఫిళ్లూ పట్టుకోవాలి, మొదటివాళ్లు దాటాక అందించాలి. కొలరాడోలో కారులో ఉన్న రైఫిల్‌కి ఛాంబర్ ఖాళీగా ఉండాలి. ఏటీవీ (అడవి దారుల్లో నడిపే చిన్న నాలుగు చక్రాల బండి) మీదైతే మ్యాగజైన్ కూడా ఖాళీ చేసి, మూసిన కేసులో పెట్టాలి. టోపీతో సహా నడుం పైన 500 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ ఫ్లోరోసెంట్ రంగు తప్పనిసరి. క్యామఫ్లాజ్ డిజైన్ ఉన్నది లెక్కలోకి రాదు.

చలి గురించి రెండు ముక్కలు. బోల్ట్ లోపల నూనె చిక్కబడి ఫైరింగ్ పిన్ నెమ్మదిస్తుంది, తుడిచేసి పొడిగా ఉంచండి. రాత్రి రైఫిల్‌ని వెచ్చటి గదిలోకి తెస్తే ఉక్కు మీదా, స్కోప్ మీదా నీరు పట్టి, పొద్దున బయటికి తీయగానే గడ్డకడుతుంది. ఖాళీ చేసి, కేసులో తాళం వేసి, చల్లగానే ఉంచండి.

మీ స్నేహితుడి సంగతి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మీ రైఫిల్‌ని కాసేపు చేతిలోకి తీసుకున్నా ఇబ్బందే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు ఉంది. 1949 జనవరి 1న లేదా తర్వాత పుట్టినవాళ్లకి లైసెన్సు కావాలంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి. ఇమిగ్రేషన్ మీద మచ్చ పడితే జీవితమే తలకిందులవుతుంది కాబట్టి లైసెన్సు చేతికొచ్చేదాకా ఆయన మీ రైఫిల్‌ని రేంజ్‌లో కూడా ముట్టుకోకూడదు. కావాలంటే ముందు వాళ్ల ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగమనండి. ఇద్దరూ కలిసి హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు చేసేయండి. మీకు కార్డు ఉన్నా మళ్లీ కూర్చోండి.

చివరిగా, సీజన్ అయ్యాక డిసెంబరులో చాలామంది హైదరాబాద్ వెళ్తారు. వేట జాకెట్, బ్యాక్‌ప్యాక్ ఏదీ ఆ ప్రయాణానికి వాడకండి. జేబు మూలలో ఒక్క తూటా మిగిలినా ఇక్కడ టీఎస్‌ఏ (విమానాశ్రయ తనిఖీ) దగ్గర ఇబ్బంది, అది దాటి శంషాబాద్‌లో దొరికితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు. మన దేశంలో వేట మీద నిషేధం కూడా ఉంది కాబట్టి ఎల్క్ వేటకి తెచ్చుకున్నదని చెప్తే అక్కడ ఎవరికీ అర్థం కాదు. నేను సీజన్ అయిన రోజే ప్రతి జేబూ బయటికి తిరగేసి, తూటాల పెట్టెలో లెక్క సరిపోయిందని చూసుకున్నాకే ఆ బ్యాగు గ్యారేజ్‌లో పెడతాను. మీరూ అలాగే చేయండి. రైఫిల్ భాగాల బరువులు రాసుకున్నాక ఇక్కడ పెట్టండి, ఎక్కడ ఇంకా తగ్గించొచ్చో కలిసి చూద్దాం.